సంస్మరణ సభకి కార్యక్రమ పత్రం: అచ్చుకి ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న:
అమ్మ సంస్మరణ సభ ఆదివారం. 200 మంది దాకా వస్తారు. ఏ4 కాగితాన్ని మధ్యకి మడిచి నాలుగు పేజీల పత్రం వేయిద్దామనుకుంటున్నాం. ఏ పేజీలో ఏముండాలి? ఎంత రాయొచ్చు? ఫొటో వాట్సాప్‌లో వచ్చిందే ఉంది.

జవాబు 1:
అమ్మగారికి నమస్సులు. ముందు ఫొటో సంగతి చూడండి. వాట్సాప్ మామూలుగా పంపిన ఫొటోని కుదించేస్తుంది. ఫోన్లో బాగున్నా కాగితం మీద ముఖం అలుక్కుపోయినట్టు వస్తుంది. అసలు ఫైలు ఎవరి దగ్గరుందో వాళ్లని డాక్యుమెంట్‌గా పంపమనండి. 10 సెంటీమీటర్ల వెడల్పున అచ్చు కావాలంటే అడ్డంగా దాదాపు 1200 పిక్సెళ్లు ఉండాలి. పాత ఫొటో అయితే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయించండి. అచ్చులో బొమ్మ తెరమీదకన్నా ముదురుగా వస్తుంది, కాస్త వెలుగు పెంచి ఇవ్వండి.

మొదటి పేజీలో ఫొటో, పూర్తి పేరు, జనన మరణ తేదీలు, సభ తేదీ, వేళ, చోటు. రెండో పేజీలో కార్యక్రమ వరుస. మూడులో జీవిత విశేషాలు. నాలుగులో కుటుంబం తరఫున కృతజ్ఞతలు. కార్యక్రమ వరుసలో ఒక్కో అంశం పక్కన గడియారం వేళలు వేయకండి. ఒకరు ఎక్కువసేపు మాట్లాడితే అన్నీ తప్పయిపోతాయి.

జవాబు 2:
అక్షరాల దగ్గరే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. మీరు యూనికోడ్‌లో (ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా వాడే అక్షరాల పద్ధతిలో) టైపు చేసింది డీటీపీ వాళ్లు 'అను' అనే ప్రెస్సు ఫాంట్లలోకి మారిస్తే వత్తులు, సంయుక్తాక్షరాలు చెదిరిపోవచ్చు. మీరే ఫాంట్లు పొదిగిన (ఫైల్లోనే ఇమిడివున్న) పీడీఎఫ్ ఇవ్వండి. లేదా మార్చిన తర్వాతి ప్రూఫ్ (సరిచూసుకునే నమూనా) మొదటినుంచి చదవండి. మార్చకముందు చదివిన కాపీ సరిగ్గా ఉంది కదా అని వదిలేయొద్దు.

పెద్దవాళ్లు చదువుతారు కాబట్టి అక్షరం సైజు 14 పాయింట్లు, వరుసకీ వరుసకీ (లైన్ స్పేసింగ్) 22 పాయింట్లు పెట్టండి. దగ్గరైతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకి తగులుతాయి. ఈ లెక్కన ఒక పేజీలో 130 నుంచి 150 మాటలే పడతాయి. ఎక్కువైతే అక్షరం తగ్గించకండి, మాటలు తగ్గించండి.

కాగితం పరిచినప్పుడు బయటివైపు ఎడమన నాలుగో పేజీ, కుడిన ఒకటో పేజీ రావాలి. లోపల రెండు, మూడు. రెండువైపులా అచ్చులో పొట్టి అంచు మీద తిప్పే అమరిక ఎంచుకోండి. పొడవు అంచు ఎంచుకుంటే లోపలి పేజీలు తలకిందులవుతాయి. 170 జీఎస్ఎం (చదరపు మీటరుకి 170 గ్రాముల) మందపాటి కాగితమైతే మడతకి ముందు క్రీజింగ్ (మడత గీతని నొక్కి గాడి పెట్టడం) తప్పనిసరి, లేకపోతే మడత దగ్గర రంగు పగిలి తెల్లగీత పడుతుంది. మడత మీదుగా ముదురు రంగు వేయకపోవడమే మేలు.

ప్రశ్న అడిగినవారు:
మాట్లాడేవాళ్లు ఇంకా ఖాయం కాలేదు. పేర్లు వేయాలా?

జవాబు 3:
ఒప్పుకున్నవాళ్లవే వేయండి. మిగతా చోట "ఆత్మీయుల జ్ఞాపకాలు" అంటే చాలు. పేర్ల వరసలో ఎవరినైనా మరిచిపోతే ఆ నొప్పి చాలాకాలం ఉంటుంది, అందుకే బంధువుల పేర్లు అమ్మగారి పుట్టింటి, అత్తింటి వైపుల నుంచి ఒక్కొక్కరి చేత చదివించండి. తేదీకి వారం సరిపోయిందో క్యాలెండర్లో చూడండి. రాలేకపోయినవాళ్లకి పంపడానికి మరో 20 కలిపి 220 వేయించండి. మొత్తం వేసేముందు అదే కాగితం మీద ఒక్కటి వేయించి, మడిచి, చేత్తో పట్టుకుని చూడండి.