జెడ్‌టీ 2.4 వచ్చింది, నమ్మవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి సెమిస్టర్. వేడి నుంచి నేరుగా కరెంటు తీసే థర్మోఎలక్ట్రిక్ పదార్థాల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. మెటీరియల్స్ ప్రాజెక్ట్ డేటాబేస్ నుంచి యాంటిమనీ సమ్మేళనాలు ఓ 200 ఏరుకుని బోల్ట్జ్‌ట్రాప్ (ఎలక్ట్రాన్ బ్యాండ్ల నుంచి విద్యుత్ గుణాలు లెక్కగట్టే ప్రోగ్రామ్) నడిపితే, ఒకదానికి ఎన్-టైప్‌లో (ఎలక్ట్రాన్లు కరెంటు మోసే రకం) 700 కెల్విన్ దగ్గర జెడ్‌టీ (వేడిని ఎంత బాగా కరెంటుగా మారుస్తుందో చెప్పే కొలత) 2.4 వచ్చింది. రిలాక్సేషన్ టైమ్ (ఎలక్ట్రాన్ రెండు ఢీల మధ్య సగటు సమయం) అందరూ పెట్టే 10⁻¹⁴ సెకన్లే పెట్టాను, లాటిస్ ఉష్ణవాహకత (అణువుల కంపనాలు మోసే వేడి) 1 వాట్/మీటర్-కెల్విన్ అనుకున్నాను. బిస్మత్ టెల్లురైడ్‌కే గది ఉష్ణోగ్రత దగ్గర 1 చుట్టుపక్కల కదా, అందుకే టెన్షన్‌గా ఉంది. గైడ్ గారికి చూపించవచ్చా?

జవాబు:
చూపించండి, కానీ 2.4 అని మాత్రం చెప్పకండి. అందులో సీబెక్ గుణకం (ఉష్ణోగ్రత తేడాకి ఎంత వోల్టేజీ పుడుతుందో) ఒక్కటే మీ లెక్కలోంచి వచ్చింది, మిగతావి మీరు అనుకున్న అంకెల మీద నిలబడ్డాయి. వేడి పెరిగినా డోపింగ్ (కావాలని కలిపే వేరే మూలకం) పెరిగినా ఆ రిలాక్సేషన్ టైమ్ తగ్గుతుంది, 700 కెల్విన్ దగ్గర 10⁻¹⁴ ఉంటుందని ఎవరు చెప్పారు? ముందు లిస్టులో పై పది పదార్థాలకు ఆమ్‌సెట్ అనే ప్రోగ్రామ్‌తో స్కాటరింగ్ (ఎలక్ట్రాన్లు ఎంతగా ఢీకొని చెదురుతాయో) లెక్క వేయండి. ఫోనో3పై అనే ఇంకో ప్రోగ్రామ్‌తో లాటిస్ ఉష్ణవాహకత లెక్కించడం కంప్యూటర్ సమయం బాగా తినే పని, అది రెండు మూడింటికి చాలు.

ఇంకో జవాబు:
నాకు అసలు భయం డోపింగ్ దగ్గరే అండి. ఇది ముందే జరిగిన కథ. 2006లో మ్యాడ్సెన్ అనే శాస్త్రవేత్త యాంటిమనీ సమ్మేళనాలనే ఇలా జల్లెడ పట్టి, లిథియం జింక్ యాంటిమనైడ్ ఎన్-టైప్‌లో జెడ్‌టీ 2 దాకా ఇస్తుందన్నాడు. ల్యాబ్‌లో చేస్తే పదార్థం పీ-టైప్‌గా (హోల్స్, అంటే ఎలక్ట్రాన్ లేని ఖాళీలు కరెంటు మోసే రకం) వచ్చింది, జెడ్‌టీ 0.1 కూడా దాటలేదు. థులియం సిల్వర్ టెల్లురైడ్‌కి 1.8 అని అంచనా వేస్తే కొలిచినప్పుడు 0.35. దాని ఉష్ణవాహకత నిజంగానే చాలా తక్కువ, ఆ మాట తప్పు కాలేదు. కానీ సిల్వర్ ఉండాల్సిన చోట థులియం కూర్చుని హోల్స్‌ని మింగేస్తోంది. బ్యాండ్ లెక్క పరిపూర్ణమైన క్రిస్టల్‌ని చూస్తుంది కాబట్టి ఈ లోపాలేవీ దానికి కనపడవు.

అడిగినవారు:
చాలా థాంక్స్. అయితే ఎన్-టైప్ అవుతుందో లేదో కంప్యూటర్‌తో ముందే తెలుసుకోలేమా? నాది మెగ్నీషియం ఉన్న సమ్మేళనం.

రెండో జవాబు ఇచ్చినవారు:
తెలుసుకోవచ్చు, డిఫెక్ట్ ఫార్మేషన్ ఎనర్జీ (క్రిస్టల్‌లో ఒక లోపం ఏర్పడటానికి కావాల్సిన శక్తి) లెక్కించాలి. పెద్ద సూపర్‌సెల్ (క్రిస్టల్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలు చాలా కలిపిన పెద్ద ముక్క) తీసుకుని ఒక్కో లోపానికి, ఒక్కో చార్జ్‌కి విడివిడిగా నడపాలి, ఓపిక కావాలి. మెగ్నీషియం అన్నారు కాబట్టి మంచి మాట కూడా చెప్తాను. మెగ్నీషియం యాంటిమనైడ్‌ని చాలా ఏళ్లు పీ-టైప్‌గానే చూశారు, 2016లో జపాన్ పరిశోధకులు మెగ్నీషియం కాస్త ఎక్కువేసి, బిస్మత్ కలిపి, టెల్లూరియంతో డోప్ చేస్తే ఎన్-టైప్‌లో 1.5 వచ్చింది. ఎలక్ట్రాన్లను మింగే మెగ్నీషియం ఖాళీలు (మెగ్నీషియం అణువు లేని చోట్లు) తగ్గడమే అక్కడ కీలకం. అందుకే మీ లెక్కలో మెగ్నీషియం ఎక్కువున్న పరిస్థితి, తక్కువున్న పరిస్థితి రెండూ వేసి చూడండి, ముందు మెగ్నీషియం ఖాళీతోనే మొదలుపెట్టండి. గ్రాఫ్ వచ్చాక ఇక్కడే పెట్టండి, నేనూ చూస్తాను.