తుమ్మ కొట్టాక జింకలు పెరిగాయా, కనబడటం పెరిగిందా?

పచ్చికబయలు:
కృష్ణజింకలు తిరిగే గడ్డినేలల్లో సర్కారు తుమ్మ (గడ్డినేలను కమ్మేసే ముళ్ళచెట్టు) తీసే పని పెట్టుకున్నప్పుడు, ముందూ తర్వాతా లెక్కలు ఎలా కట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి. హైదరాబాద్ వనస్థలిపురంలోని హరిణ వనస్థలి జాతీయ ఉద్యానవనం మొత్తం 14.59 చదరపు కిలోమీటర్లే. అంత చిన్నచోట లైన్లు (నేరుగా గీసుకున్న దారుల వెంట నడుస్తూ కనబడిన గుంపులు లెక్కపెట్టడం) నడవాలా, జంతువు వేడిని, కదలికను పట్టి వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు పెడితే చాలా? తుమ్మ తీశాక జింకలు రెట్టింపు కనబడితే పని ఫలించినట్టేనా?

రేంజ్‌ఫైండర్:
చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. కాదండీ, ఫలించినట్టు కాదు. పొద తీసేస్తే చూపు దూరం వెళ్తుంది, అంతే. ఊహాలెక్క ఒకటి చూడండి. తుమ్మ ఉన్నప్పుడు 20 కిలోమీటర్లు నడిస్తే 24 గుంపులు కనబడ్డాయి, లైనుకు ఒక్కో పక్క చూపు అందే సగటు వెడల్పు 40 మీటర్లు. 24ను 2 × 0.04 × 20తో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 15 గుంపులు. తీశాక అదే దూరంలో 48 కనబడ్డాయి, చూపు 120 మీటర్లకు పెరిగింది. 48ని 2 × 0.12 × 20తో భాగిస్తే 10. కనబడినవి రెట్టింపు, సాంద్రత మాత్రం మూడో వంతు తగ్గింది! పచ్చి సంఖ్యలతో రిపోర్టు రాస్తే తప్పుడు పనికి మెప్పు వస్తుంది.

అందుకే తుమ్మ ఉన్న చోటుకూ తీసిన చోటుకూ చూపు లెక్క విడివిడిగా కట్టాలి. ఒక్కోదానికి కనీసం 60 నుంచి 80 గుంపులు కనబడాలి. చిన్నచోట అన్ని రావాలంటే లైన్లు పెంచకండి, అవే లైన్లు పదేపదే నడవండి. గుంపు మొదట కనబడిన చోటికే దూరం కొలవాలి, మనల్ని చూసి జరిగాక కాదు. గుంపు మధ్యకు రేంజ్ ఫైండర్ (లేజర్ కిరణంతో దూరం కొలిచే పరికరం)తో దూరం, కంపాస్‌తో లైనుకూ గుంపుకూ మధ్య కోణం తీసుకోవాలి. 100 మీటర్లు, 30 డిగ్రీలు అయితే లైనుకు అడ్డంగా 50 మీటర్లు. ముందున్న గడ్డికి కిరణం తగిలి 20 మీటర్లే చూపిస్తుంటే జింక పక్కనున్న చెట్టు మొదలుకు గురిపెట్టండి.

పచ్చికబయలు:
జీపు బాటల మీదే నడిస్తే పని తేలికవుతుంది కదా?

రేంజ్‌ఫైండర్:
వద్దు. బాట పక్క నేల మిగతా నేలలా ఉండదు. జింకలు దానికి అలవాటుపడి దగ్గరికైనా వస్తాయి, బెదిరి దూరమైనా ఉంటాయి. లైన్లు ఎక్కడ పడాలో మ్యాపు మీద ముందే గీసుకుని, ముళ్ళున్నా అటే నడవాలి.

పొదచాటు:
కెమెరాలదీ ఇదే చిక్కు. పొద తీశాక సెన్సర్ ఎదురుగా ఖాళీ పెరుగుతుంది, ఫొటోలూ పెరుగుతాయి. పైగా మే ఎండల్లో నేల వేడి జింక ఒంటి వేడికి దగ్గరపడితే సెన్సర్‌కు తేడా తెలియక జంతువును వదిలేస్తుంది. గడ్డి ఊగినప్పుడేమో ఖాళీ ఫొటోలు వేలల్లో పడతాయి. కెమెరాను ఉత్తరం వైపు తిప్పండి, ఎదురుగా నాలుగు మీటర్ల గడ్డి కోయండి. పెంటికల లెక్క చూపు మీద ఆధారపడదు కాబట్టి అదీ జోడించండి. 2 × 20 మీటర్ల పట్టీలు ఊడ్చేసి, నెల తర్వాత ఎన్ని పడ్డాయో చూడటమే. వానాకాలంలో వద్దు, పేడపురుగులూ చెదలూ మిగల్చవు. మగ కృష్ణజింకలు ఒకేచోట కుప్ప పెడతాయి కాబట్టి కుప్పలను వేరుగా రాయాలి. దుప్పి పెంటికలతో పొరబడే ప్రమాదం కూడా ఉంది.

మోడుచిగురు:
కొట్టుడు గురించి నేను చెప్తా. నేలమట్టానికి నరికితే మోడు నుంచి గుత్తులుగా పిలకలొస్తయి, రెండో ఏటికి మునుపటికంటే చిక్కగైతది. మొగ్గలు వేరు మెడల (వేరు, మాను కలిసే కాడ) ఉంటయి. గడ్డపారతోని 20–30 సెంటీమీటర్ల లోతుకు తవ్వి మెడతో సహా తియ్యాలె. జేసీబీ పెడితే నేలంత తిరగబడి, తొలివానకే వయ్యారిభామ కలుపు లేస్తది. దాన్ని పూతకు రాకముందే పీకాలె. కాయలు పండి రాలకముందే కొట్టుడు అయిపోవాలె, ఎందుకంటే జింకలు, పశువులు కాయ తిని గింజను పేడల మోసుకపోతయి. నేలల ఉన్న గింజలు ఏండ్ల తరబడి మొలుస్తనే ఉంటయి. మూడేండ్లన్న ప్రతి వానకాలం పిలక పీకే కూలీ పైసలు లేకపోతే ఆ పని మొదలే పెట్టొద్దు. మొత్తం తీసుడు గూడ తప్పే, మధ్యాహ్నం నీడకు కొన్ని చెట్లు ఉంచాలె.

రేంజ్‌ఫైండర్:
జాతీయ ఉద్యానవనంలో అయితే లెక్కకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. తుమ్మ తీయడానికి 1972 వన్యప్రాణి చట్టం సెక్షన్ 35(6) (ఉద్యానవనంలోంచి ఏదైనా తీయాలంటే అనుమతి ఉండాలనేది) వర్తిస్తుంది, అది వేరే ఫైలు.

ఇక ఏడాదికీ ఏడాదికీ వచ్చే తేడా సంగతి. ముందు ఒక్క ఏడాది లెక్క ఉన్నా సరే, పోల్చి చూడటానికి తుమ్మ తీయని పక్కప్లాట్లు తప్పనిసరి. ఆ ఏడు వాన బాగా పడితే గడ్డి అంతటా పెరుగుతుంది, ఆ ఘనత తుమ్మ తీసినందుకే అనుకుంటాం. హెక్టారు ప్లాట్లు జతలుగా, ఆరు జతలైనా పెట్టి, ఏ జతలో ఏది తీయాలో చీటీ వేయండి. మనకు నచ్చినది తీస్తే మంచి నేలే ఎంచుకుంటాం.

పచ్చికబయలు:
గడ్డి కొలత ఎప్పుడు?

పొదచాటు:
అక్టోబర్‌లో. మీటరు చదరంలో నేలకు 2–3 సెంటీమీటర్ల పైన కోసి, జాతులవారీగా వేరుచేసి, 60 డిగ్రీల్లో బరువు నిలకడయ్యేదాకా ఆరబెట్టి తూచాలి. అయితే జింకలు మేయగా మిగిలినదే తూకానికొస్తుంది కాబట్టి పక్కన జింకల నోరు అందకుండా ఒక మీటరు ఇనుపవల బోను పెట్టి, దానిలోది కూడా కోయాలి. బోన్లు జూన్‌లో తొలకరికి ముందే దిగాలి.