చర్చ: అన్ని దేశాలకూ, అన్ని వ్యాపారాలకూ వర్తించే నీతి ఉందా?

నాగావళి:
వ్యాపారంలో నీతి మాట వస్తే "ఏ దేశపు పద్ధతి ఆ దేశానిది, బయటివాళ్ళు తీర్పు చెప్పకూడదు" అంటారు కొందరు. "తప్పు ఎక్కడైనా తప్పే" అంటారు ఇంకొందరు. లంచం సంగతే తీసుకోండి. విదేశీ అధికారులకు లంచమివ్వడాన్ని అమెరికా 1977లోనే నేరం చేసింది. కానీ ఎలాగూ చేయాల్సిన పనిని తొందరగా చేసిపెట్టినందుకు ఇచ్చే మొత్తాలకు అదే చట్టంలో మినహాయింపు ఉంది. బ్రిటన్ 2010 చట్టంలో ఆ మినహాయింపు లేదు. జర్మనీలో అయితే విదేశాల్లో ఇచ్చిన లంచాన్ని వ్యాపార ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకునే వీలు 1999 దాకా ఉండేది. వీళ్ళలో వీళ్ళకే పొంతన లేదు. మరి సార్వజనీన నైతిక సూత్రాలంటూ ఉన్నాయా? ఉంటే వాటిని గుర్తుపట్టేది ఎలా?

రావిచెట్టు:
లేవనే నా వాదన. 1947లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన ముసాయిదా తయారవుతున్నప్పుడే అమెరికన్ ఆంత్రొపలాజికల్ అసోసియేషన్ (అక్కడి మానవశాస్త్రవేత్తల సంఘం) అభ్యంతరం చెప్పింది. ఒక సంస్కృతి విలువలతో ఇంకో సంస్కృతిని కొలవలేమనీ, పాశ్చాత్యుల విలువలే అందరి విలువలుగా చలామణి అవుతాయనీ వాళ్ళ భయం. 1948 డిసెంబరు 10న ప్రకటన 48 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేక ఓటు ఒక్కటీ పడలేదు, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి. ఆఫ్రికాలో చాలా భాగం అప్పటికి వలస పాలనలోనే ఉంది కాబట్టి అక్కడి జనానికి ఓటే లేదు.

అది రాజకీయం అంటారేమో, ప్రయోగం చూడండి. ఇద్దరిలో ఒకరికి కొంత సొమ్మిచ్చి, అవతలివాడికి ఎంత ఇస్తావో చెప్పమంటారు. అవతలివాడు సరేనంటే పంపకం జరుగుతుంది, కాదంటే ఇద్దరికీ సున్నా. 15 చిన్న సమాజాల్లో ఈ ఆట ఆడించి 2001లో ఫలితాలు ప్రకటించారు. పెరూ అడవుల్లో ఉండే మచిగ్వెంగాలు సగటున 26 శాతం ఇస్తామన్నారు. ఇండొనేషియాలో తిమింగలాలను వేటాడే లామలేరా వాళ్ళు 58 శాతం ఇస్తామన్నారు. పాపువా న్యూగినీలోని అవు, గ్నౌ జనంలో కొందరైతే సగం కన్నా ఎక్కువ ఇస్తామన్నా వద్దన్నారు. న్యాయమైన వాటా ఎంత అన్న దగ్గరే ఇంత తేడా ఉంటే, ప్రపంచమంతటికీ ఒకే నీతి ఎక్కడిది?

తుంగభద్ర:
రావిచెట్టు గారూ, ఆ ప్రయోగాన్ని సగంలో ఆపేశారు. అవు, గ్నౌ జనం ఎందుకు వద్దన్నారో కూడా పరిశోధకులు రాశారు. అక్కడ అడగకుండా వచ్చిన కానుక తీసుకుంటే, తర్వాత ఇచ్చినవాడు కోరినప్పుడు, కోరిన రూపంలో తీర్చుకోవాలి. ఆ భారం తలకెత్తుకోవడం ఇష్టం లేక వద్దన్నారు. అంటే తీసుకున్నదానికి తిరిగి ఇవ్వాలన్న నియమం వాళ్ళలో మనకన్నా గట్టిగా ఉంది. లామలేరాలో తిమింగలాన్ని ఒంటరిగా ఎవడూ కొట్టలేడు, పడవనిండా మనుషులుండాలి, ఎవరికి ఏ ముక్క అన్నది ముందే ఖరారై ఉంటుంది. మచిగ్వెంగాల్లో ఏ కుటుంబం పని ఆ కుటుంబానిదే, ఇంటి బయట పంచుకునే అవసరం తక్కువ. బతుకుతెరువు మారితే వాటా మారింది. పంపకంలో పూర్తిగా తన లాభమే చూసుకున్న సమాజం ఒక్కటీ తేలలేదు.

60 సమాజాల గురించి మానవశాస్త్రవేత్తలు రాసిపెట్టిన వివరాలను గాలించి 2019లో వేసిన లెక్క ఒకటుంది. ఇంటివాళ్ళకు సాయపడటం, తన గుంపుకు అండగా ఉండటం, మేలుకు మేలు చేయడం, ధైర్యం, పెద్దలకు మర్యాద, న్యాయంగా పంచుకోవడం, ముందే ఒకరి చేతిలో ఉన్నదాన్ని లాక్కోకపోవడం: ఈ ఏడింటిలో ఏ ఒక్కదాన్నీ చెడ్డదిగా చూసిన సమాజం దాదాపుగా దొరకలేదు.

అదే ఏడాది పర్సుల ప్రయోగం ఫలితాలూ వచ్చాయి. 40 దేశాల్లో, 355 నగరాల్లో, 17 వేలకు పైగా పర్సులను హోటళ్ళు, బ్యాంకులు, పోస్టాఫీసుల కౌంటర్లలో "బయట దొరికింది" అని అప్పగించారు. డబ్బు లేని పర్సుల్లో సుమారు 40 శాతానికి, డబ్బున్నవాటిలో 51 శాతానికి యజమానికి కబురు వచ్చింది. 38 దేశాల్లో ఇదే పోకడ. దేశానికీ దేశానికీ నిజాయితీ రేటు చాలా తేడాగా ఉంది, నిజమే. కానీ పోగొట్టుకున్నవాడికి నష్టం ఎక్కువైతే తిరిగివ్వాలన్న ఒత్తిడి కూడా పెరగడం దాదాపు అంతటా కనిపించింది.

ఇక ఆ ప్రకటన పాశ్చాత్యులది మాత్రమే అనడం సరికాదు. మొదటి అధికరణంలో "పురుషులందరూ" అనే అర్థం వచ్చే మాట తీసేసి "మానవులందరూ" అని రాయించింది భారత ప్రతినిధిగా ఉన్న మన హంసా మెహతా. మీరు చెప్పిన ఆ అసోసియేషనే 1999లో మానవ హక్కులను సమర్థిస్తూ కొత్త ప్రకటన చేసింది.

రావిచెట్టు:
మంచి సమాధానమే, కానీ మీకు మిగిలినవి ఏడు పెద్ద మాటలు. "ఒకరిది లాక్కోకూడదు" అని అందరూ ఒప్పుకుంటారు. ఏది ఎవరిది అన్న దగ్గరే కదా తగువంతా! "ఇంటివాళ్ళకు సాయపడు", "న్యాయంగా పంచు" ఒకదానికొకటి అడ్డం వస్తే? మేనల్లుడికి ఉద్యోగం ఇప్పించడం ఒకచోట బాధ్యత, ఇంకోచోట బంధుప్రీతి. మన సంప్రదాయంలోనే చూడండి. అహింస, సత్యం వంటివి జాతికీ దేశానికీ కాలానికీ సందర్భానికీ కట్టుబడని సార్వభౌమ వ్రతాలని పతంజలి అన్నాడు. వామనుడి కథలో శుక్రాచార్యుడేమో ప్రాణం, విత్తం, మానం పోయేచోట బొంకవచ్చని బలికి చెప్పాడు. ఒక కంపెనీ మేనేజరుకు ఇందులో ఏది పనికొస్తుంది?

ఖాతాపుస్తకం:
శుక్రుడు చెప్పాడు గానీ బలి ఒప్పుకోలేదు, ఆ కథను మనం చెప్పుకుంటున్నది అందుకే. సరే, మేనేజరు దగ్గరికే వద్దాం. కానుకకూ లంచానికీ గీత ఎక్కడో ఆడిటింగ్‌లో చూసే పద్ధతి ఉంది, అది ఏ దేశంలోనైనా పనిచేస్తుంది.

పుచ్చుకునే మనిషి బల్ల మీద ఇచ్చేవాడి ఫైలు ఏదైనా ఉందా అన్నది మొదట చూడాలి. దీపావళికి ఖాతాదారులందరికీ ఒకే రకం మిఠాయి డబ్బా పంపడం వేరు, టెండరు తెరిచే వారం ముందు ఒక్క అధికారికి బంగారు నాణెం పంపడం వేరు. తర్వాత, అది ఆఫీసు చిరునామాకు కంపెనీ పేరుతో వెళ్ళిందా, ఇంటికి పేరు లేకుండా వెళ్ళిందా? అన్నిటికన్నా ముఖ్యం, ఖాతాల్లో ఏ పద్దు కింద రాశారు? "కానుకలు" అని రాస్తే ప్రశ్నలు అడగవచ్చు. "సైటు ఖర్చులు", "కన్సల్టెన్సీ", "లయజన్ ఛార్జీలు" అని రాసి, వోచరు వెనక పని నివేదిక, కొటేషను, జీఎస్టీ ఇన్వాయిస్ లేకపోతే అక్కడే ఆగాలి.

చెన్నైలో క్యాంపస్ ప్లాన్ అనుమతి కోసం 20 లక్షల డాలర్ల లంచానికి ఆమోదం తెలిపారన్న ఆరోపణ మీద ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ 2019లో అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి 2.5 కోట్ల డాలర్లు కట్టింది, ఆరోపణను ఒప్పుకోకుండా, కాదనకుండా. ఎస్ఈసీ చెప్పిన ప్రకారం ఆ సొమ్ము కాంట్రాక్టరు ద్వారా వెళ్ళింది, దాన్ని తిరిగి చెల్లించడానికి అదనపు పనుల బిల్లులు మార్చారు. లంచం ఈ గడ్డ మీద అందరూ ఒప్పుకున్న ఆచారమే అయితే, బిల్లుల్లో అదనపు పనిగా ఎందుకు కనిపించాలి? దాచడంలోనే ఒప్పుకోలు ఉంది.

మన చట్టం కూడా తెలుసుకోండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాడూ నేరస్థుడే. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లో పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. కంపెనీ తప్పించుకోవాలంటే నివారణకు తగిన విధానాలు ముందే అమల్లో ఉన్నట్టు చూపాలి. గోడకు అంటించిన నీతి నియమావళి అందుకు చాలదు.

రావిచెట్టు:
దాచడం చట్టానికి భయపడి కూడా కావచ్చు. పైగా చాలా ఆఫీసుల్లో మామూలు ఎంతో ఊరందరికీ తెలుసు, రహస్యమేమీ లేదు.

ఖాతాపుస్తకం:
రేటు తెలుసు, రసీదు ఉండదు. దాన్ని ఆచారం అంటున్నది ఎవరో కూడా చూడండి: పుచ్చుకునేవాడా, కుల ధ్రువీకరణ పత్రం కోసం కూలి మానుకుని మూడోసారి వచ్చినవాడా? భారం మోసేవాడు ఒప్పుకోని పద్ధతిని ఆ సంస్కృతి ఒప్పుకుందని ఎలా అంటాం? ఆ సంస్కృతిలో అతను కూడా భాగమే కదా.

నడిగడ్డ:
లంచం కన్నా కష్టమైన కేసు మా వైపే ఉంది. గద్వాల, కర్నూలు ప్రాంతాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. క్రాసింగ్ పని యంత్రంతో కాదు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే గిల్లి, రేకులూ పుప్పొడి తిత్తులూ తీసేసి గుర్తు పెడతారు. మర్నాడు పొద్దున మగ సాలు (పుప్పొడి కోసం పెంచే మొక్కల వరస) పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. ఒక్కో పువ్వుకూ ఇదే పని, రోజూ, రెండు మూడు నెలల పాటు. సాగు ఖర్చులో సింహభాగం ఈ కూలికే పోతుంది. 2000 ప్రాంతంలో ఈ పనిలో ఎక్కువగా ఉన్నది పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లలు. వేసవిలో తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి సీజనుకు పిల్లను కుదుర్చుకునేవాళ్ళు. "చిన్న వేళ్ళయితే పువ్వు చెడదు" అనేవాళ్ళు. అది సాకు. పెద్దవాళ్ళు చేసినా గింజ కడుతుంది, కాకపోతే కూలి ఎక్కువ.

"ఇక్కడి రైతు పద్ధతి ఇది, మాకేం సంబంధం" అనడం బహుళజాతి విత్తన కంపెనీలకు తేలికే. ఒప్పందం రైతుకూ సీడ్ ఆర్గనైజరుకూ (కంపెనీకీ రైతుకూ నడుమ ఉండే మధ్యవర్తికీ) మధ్య ఉంటుంది, కూలీ ఎవరో కంపెనీ కాగితాల్లో కనిపించదు. కానీ కొనుగోలు ధర నిర్ణయించేది కంపెనీ. పెద్దల కూలి గిట్టని ధర పెట్టి, పిల్లల పనిని స్థానిక సంస్కృతి మీదికి నెట్టేయడం అన్యాయం.

తుంగభద్ర:
బాలకార్మిక వ్యవస్థలోని అత్యంత దారుణ రూపాలను నిషేధించే అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) 182వ ఒప్పందం 1999 నాటిది. 2020 ఆగస్టులో టోంగా చేరడంతో 187 సభ్యదేశాలూ ఆమోదించినట్టయింది. ఆ సంస్థ చరిత్రలో అన్ని దేశాలూ ఆమోదించిన మొదటి ఒప్పందం అదే. మన దేశం 2017లో చేరింది.

రావిచెట్టు:
సంతకాలు ఒక ఎత్తు. మన బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణే పిల్లలు బడి వేళలు అయ్యాక సొంత కుటుంబ పనిలో సాయపడవచ్చంటుంది. ఐఎల్ఓ కూడా కనీస వయసు 15 అని, వెనకబడిన దేశాలకు 14 అని రాసింది. అంటే అందరికీ ఒకే గీత వాళ్ళూ గీయలేదు. నిషేధం ఒక్కటే పెట్టి ధర పెంచకపోతే, రైతు తన చేను కమతాలుగా చీల్చి కూలి కుటుంబాలకు ఇస్తాడు. పిల్ల అదే చేలో ఉంటుంది, "సొంత కుటుంబ పని" అనే పేరు వస్తుంది. మంచి సూత్రం బయట నుంచి ఊడిపడితే జరిగేది ఇదే.

నడిగడ్డ:
అది జరిగింది, మీ మాట కాదనను. కానీ దానికి విరుగుడు సూత్రాన్ని సడలించడం కాదు, ధరను సరిచేయడం. 2005 తర్వాత కొన్ని కంపెనీలు పిల్లలు లేని పొలాలకు కొనుగోలు ధర మీద 5 శాతం బోనస్ ఇచ్చాయి. దిశ సరైనదే. కానీ పెద్దల కూలికీ పిల్లల కూలికీ మధ్య తేడా ఆ 5 శాతాన్ని మించిన చోట రైతు పాత దారే పడతాడు. కాబట్టి ముందు ఎకరానికి క్రాసింగ్ కూలీ దినాలు లెక్కగట్టి, వాటిని పెద్దల కూలి రేటుతో గుణించి, ఆ మొత్తం ధరలో కలపాలి. బోనస్ ఆ తర్వాతి మాట.

తనిఖీలు విఫలమయ్యేది కూడా ఇక్కడే. ముందే కబురుపెట్టి మధ్యాహ్నం జీపులో వస్తే చేలో ఎవరుంటారు? మొగ్గ గిల్లేది సాయంత్రం, పుప్పొడి రుద్దేది పొద్దున. ఆ వేళల్లోనే చెప్పకుండా రావాలి. ఆ వారం బడి హాజరు పట్టీ తెచ్చి, క్రాసింగ్ మొదలైన తేదీ నుంచి వరసగా రాని పిల్లల పేర్లు చూడాలి. కమతానికి ఇచ్చిన చేలను కూడా లెక్కలోకి తీసుకుని, ఆర్గనైజరు ఒప్పందంలోనే ఆ షరతు రాయాలి.

నాగావళి:
రావిచెట్టు గారూ, ఒక్క ప్రశ్న. వయసు గీత 14 దగ్గరా 15 దగ్గరా, కానుక విలువ ఎంతవరకు అన్నవి ప్రాంతాన్ని బట్టి మారవచ్చు, అది అందరం ఒప్పుకున్నట్టే. బడి మానిపించి, అడ్వాన్సుకు కట్టేసి, మందు కొట్టిన చేలో పిల్ల చేత పని చేయించడం ఏదైనా సంస్కృతిలో సరైనదని మీరు అంటారా?

రావిచెట్టు:
అనను. కానీ ఆ "అనను" నేను పెరిగిన వాతావరణం నుంచి వచ్చిందా, దాన్ని దాటిన చోటు నుంచి వచ్చిందా అన్నది ఈ చర్చలో ఇంకా తేలలేదు. ఈలోగా ధర లెక్క ఆ ప్రశ్న తేలేదాకా ఆగక్కర్లేదు. నడిగడ్డ గారు చెప్పిన కూలీ దినాల లెక్కను కంపెనీ కొనుగోలు ఒప్పందంలోకి ఎక్కించమని అడిగే హక్కు రైతుకు ఏ నిబంధన కింద ఉందో, తెలిసినవాళ్ళు రాయండి.