అప్‌డేట్: స్పితిలో క్యాంపర్ డీజిల్ హీటర్ సమస్య తీరింది

హిమాచల్‌లోని స్పితి లోయలో, కాజా ఊళ్లో నా క్యాంపర్ వ్యాన్ (పడుకునే ఏర్పాట్లున్న వ్యాన్) డీజిల్ హీటర్ తెల్లపొగ వదిలి ఆగిపోతోందని ఇక్కడ అడిగాను కదా, సమస్య తీరింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ‘లోపల మసి చూడండి’ అన్న సలహానే నిజమైంది. మెకానిక్ విప్పి చూస్తే గ్లో ప్లగ్ (హీటర్‌లో డీజిల్‌ని అంటించే భాగం) చుట్టూ ఉండే జాలీ నల్లగా పూడుకుపోయి ఉంది. 3,600 మీటర్లు దాటిన ఎత్తులో గాలి పలచన, హీటర్ పంపు మాత్రం మైదానాల్లో పోసినంత డీజిలే పోస్తుంది. అది పూర్తిగా కాలక మసి కడుతుంది. జాలీ మార్చి, కంట్రోలర్‌లో పంపు వేగం తగ్గించాడు. కుంజుమ్ పాస్ (కనుమ)కి ముందు వచ్చే లోసర్ ఊళ్లో రాత్రంతా చక్కగా పనిచేసింది. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ వెచ్చదనం ఎంత ధైర్యమో! కొందరు అనుమానించిన బ్యాటరీ వోల్టేజీ తగ్గడం, చలికి డీజిల్ గడ్డకట్టడం నా విషయంలో కారణాలు కావు. వ్యాన్‌లో హీటర్ వేసుకుని పడుకునేవాళ్లు కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం తప్పకుండా పెట్టుకోండి.