ప్రింటర్ కోసం అప్‌డేట్లు ఆపేశాను, ఇప్పుడు ఫైళ్లన్నీ లాక్ అయ్యాయి

డీటీపీ షాపు, పల్నాడు జిల్లా:
అందరికీ నమస్కారం. మాది చిన్న ఊళ్లో డీటీపీ, జిరాక్స్ షాపు. రెండు సిస్టమ్స్ ఉన్నాయి. ఒకటి విండోస్ 7. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు పనిచేయడానికి తగిలించే డాంగిల్ అందులోనే ఉన్నాయి, పెళ్లి కార్డులు, కరపత్రాలు దాని మీదే చేస్తాను. రెండోది విండోస్ 10. ఆన్‌లైన్ అప్లికేషన్లు, స్కానింగ్, పెళ్లి వీడియోల కాపీలు అందులో. పూర్తయిన కార్డులు కూడా అందులోనే దాస్తాను. ప్రింటర్ విండోస్ 10కి పెట్టి, విండోస్ 7 నుంచి షేరింగ్‌లో ప్రింట్లు తీసేవాణ్ణి.

2021లో వినాయక చవితి హడావుడి అయిన కొద్ది రోజులకే ఒక అప్‌డేట్ పడింది. మర్నాటి నుంచి విండోస్ 7లో ప్రింట్ ఇస్తే 11బి అనే ఎర్రర్. తెలిసిన కుర్రాడొచ్చి ఆ అప్‌డేట్ తీసేసి, మళ్లీ రాకుండా విండోస్ 10లో అప్‌డేట్ సర్వీసే ఆపేశాడు. అప్పటి నుంచి హాయిగానే ఉంది.

మొన్న శనివారం ఫోటో ఆల్బమ్ డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ 'ఫుల్ వెర్షన్' ఒకటి డౌన్‌లోడ్ చేశాను. యాంటీవైరస్ ఆపమంది, ఆపాను. ఇన్‌స్టాల్ అవుతుండగా విండోస్ అప్‌డేట్ బాక్స్ వచ్చి పర్సెంటేజీ నడిచింది. సరేలే అని భోజనానికి వెళ్లొచ్చాను. వచ్చేసరికి ప్రతి ఫైలు పేరు చివర నాలుగు అక్షరాలు కొత్తగా అతికాయి. ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లో ఒక రీడ్‌మీ ఫైలు ఉంది. 980 డాలర్లు కట్టమని, 72 గంటల్లో అయితే సగానికి ఇస్తామని రాసి ఉంది. ఫేస్‌బుక్‌లో ఒకాయన 15 వేలకు ఓపెన్ చేసి ఇస్తానంటున్నాడు. కట్టమంటారా? అప్‌డేట్లు ఆపకపోతే ఇది జరిగేది కాదా? టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు.

హార్డ్‌వేర్ సర్వీసు, వరంగల్:
అన్నా, ముందు ఆ సిస్టమ్‌కి నెట్ కేబుల్ పీకేయండి. రెండో సిస్టమ్‌కీ పీకేయండి. పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఏదీ ఇప్పుడే పెట్టకండి. ఫార్మాట్ కూడా అప్పుడే చేయకండి. 15 వేలవాడికి రూపాయి ఇవ్వద్దు.

సెక్యూరిటీ ఉద్యోగి, హైదరాబాద్:
మీరు చెప్పిన గుర్తులు చూస్తే అది స్టాప్ డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లు లాక్ చేసి డబ్బు గుంజే వైరస్‌ల కుటుంబం. 980, సగం ధర, 72 గంటలు, ఈ లెక్క దానిదే. ఇది ఎక్కువగా క్రాక్ సాఫ్ట్‌వేర్ల ద్వారానే, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా మార్చిన మీ 'ఫుల్ వెర్షన్' లాంటి వాటి ద్వారానే వస్తుంది. మీ కథలో అసలు ముడి ఎక్కడుందో చూడండి. అప్‌డేట్ సర్వీసు నాలుగేళ్లుగా ఆగిపోయి ఉంది. మరి అప్‌డేట్ బాక్స్ ఎలా వచ్చింది? అది నకిలీ. లోపల ఫైళ్లు లాక్ చేస్తున్నంతసేపూ హార్డ్‌డిస్క్ మోత మోగుతుంటే మనకు అనుమానం రాకుండా ఈ వైరస్ అలాంటి బాక్స్ చూపిస్తుంది. నిజం విండోస్ 10 అప్‌డేట్ సెట్టింగ్స్‌లో నడుస్తుంది, లేదా రీస్టార్ట్ చేసేటప్పుడు స్క్రీన్ మొత్తం మీద వస్తుంది. పని మధ్యలో చిన్న కిటికీలా తేలి పర్సెంటేజీ చూపించదు.

ఇక ఫైళ్ల సంగతి. రీడ్‌మీ ఫైలు అడుగున 'పర్సనల్ ఐడీ' అని పొడవాటి అక్షరాల వరస ఉంటుంది. దాని చివరి రెండు గుర్తులు చూడండి. 'టి1' అయితే లాక్ చేసే సమయంలో వైరస్‌కి దాని సర్వర్ అందలేదని, అందరికీ వాడే ఉమ్మడి తాళమే వేసిందని అర్థం. అలాంటి తాళాల్లో కొన్ని దొరికాయి. ఎమ్సిసాఫ్ట్ కంపెనీ ఉచితంగా ఇచ్చే డిక్రిప్టర్‌తో, అంటే తాళం తీసే ప్రోగ్రామ్‌తో, ఇప్పుడు కాకపోయినా తర్వాతైనా తెరుచుకోవచ్చు. వేరే అక్షరాలుంటే మీ సిస్టమ్‌కే ప్రత్యేకంగా తాళం వేశారు. దాన్ని వేసినవాళ్లు తప్ప ఎవరూ తీయలేరు, ఫేస్‌బుక్ ఆయన సహా. డిక్రిప్టర్ కంపెనీ సైట్ నుంచే తీసుకోండి. 2020లో ఈ వైరస్‌కే విరుగుడు అని చెప్పి పంచిన ఒక టూల్, లాక్ అయిన ఫైళ్లకు ఇంకో తాళం వేసింది.

డీటీపీ షాపు, పల్నాడు జిల్లా:
చూశాను సార్. టి1 కాదు.

సెక్యూరిటీ ఉద్యోగి, హైదరాబాద్:
అయ్యో. అయినా అన్నీ పోలేదు. ఈ వైరస్ తొందరగా పని ముగించడానికి ప్రతి ఫైల్లో మొదటి 150 కేబీ మాత్రమే లాక్ చేస్తుంది. కార్డు ఫైళ్లు, వర్డ్ ఫైళ్లు చిన్నవి, వాటి మీద ఆశ వదులుకోండి. కానీ పెళ్లి వీడియో జీబీల్లో ఉంటుంది, తల భాగం తప్ప మిగతాదంతా క్షేమమే. అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే, వీడియో రిపేర్ టూల్స్ ఆ తలను మళ్లీ కట్టి చాలావాటిని ఆడిస్తాయి. మొదటి కొన్ని క్షణాలు పోవచ్చు. లాక్ అయిన ఫైళ్లను మాత్రం ముందు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ఆ కాపీ మీదే ప్రయత్నించండి.

ఇంకో మాట. ఈ వైరస్ వచ్చేటప్పుడు పాస్‌వర్డ్‌లు దొంగిలించే ప్రోగ్రామ్‌ని కూడా వెంట తెస్తుంటుంది. ఆ సిస్టమ్ బ్రౌజర్‌లో సేవ్ చేసిన ప్రతి పాస్‌వర్డూ బయటికి పోయిందనుకోండి. మెయిల్, బ్యాంకు, పోర్టల్ లాగిన్లు అన్నీ ఇవాళే ఫోన్ నుంచి మార్చండి. కస్టమర్ల లాగిన్లు సేవ్ చేసి ఉంటే వాళ్లకూ చెప్పండి, కష్టమే అయినా. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

డీటీపీ షాపు, కర్నూలు:
తోటి షాపువాడిగా ఒక ఉపాయం. కార్డు ప్రూఫ్ కస్టమర్‌కి వాట్సాప్‌లో పంపుతాం కదా, అవి ఫోన్‌లో ఉంటాయి. ఆఫ్‌సెట్ ప్రెస్‌కి మెయిల్ చేసిన పీడీఎఫ్‌లు సెంట్ ఐటెమ్స్‌లో ఉంటాయి. క్రితం ఏడాది మా హార్డ్‌డిస్క్ పోయినప్పుడు సగానికి పైగా పని అలాగే వెతికి తెచ్చుకున్నాను. ఎడిట్ చేయడం కుదరదు, కానీ మేటర్ చూసి మళ్లీ కొట్టుకోవచ్చు.

మొబైల్ షాపు, కరీంనగర్:
నాకో అనుమానం. అప్‌డేట్లు పెడితే మాత్రం సేఫా? 2024 జులైలో అప్‌డేట్ వల్లే కదా ప్రపంచమంతా నీలం స్క్రీన్ వచ్చింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. నేనైతే అప్‌డేట్లు ఆపే వాడతా.

సిస్టమ్ అడ్మిన్, డల్లాస్:
ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను తమ్ముడూ, 36 గంటలు ఇంటికి పోలేదు. అది విండోస్ అప్‌డేట్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన తప్పు ఫైలు. 85 లక్షల కంప్యూటర్లు పడుకున్నాయి. పెద్ద కంపెనీలు వాడే సరుకది, మన ఇళ్లలో, షాపుల్లో ఉండదు. విండోస్ అప్‌డేట్లు కూడా అప్పుడప్పుడు ఏదో ఒకటి పాడు చేస్తాయి, కాదనను. అందుకు మందు పూర్తిగా ఆపడం కాదు, వారం వెనక్కి నెట్టడం. నెలలో రెండో మంగళవారం వస్తాయి, మీకు ఆ రాత్రి పదిన్నర, పదకొండున్నర మధ్య. సెట్టింగ్స్‌లో పాజ్ అని ఉంటుంది, ఒక వారం నొక్కండి. ఏదైనా గోల ఉంటే ఆ వారంలో బయటపడుతుంది. 35 రోజుల వరకే పాజ్ కుదురుతుంది, అంతకన్నా ఎక్కువ ఎందుకూ అక్కర్లేదు.

2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది గుర్తుందా? ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. దాని కంతను పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చేసింది. రెండు నెలలు టైముంది. అది ఎవరూ ఏమీ క్లిక్ చేయకుండానే నెట్‌వర్క్‌లో ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి పాకింది. దెబ్బ తిన్నవాటిలో అత్యధికం విండోస్ 7.

సెక్యూరిటీ ఉద్యోగి, హైదరాబాద్:
నిజాయతీగా చెప్పాలంటే పల్నాడు అన్నగారి కేసులో అప్‌డేట్లు ఉన్నా ఈ వైరస్ వచ్చేదే. యాంటీవైరస్ ఆపి, తలుపు ఆయనే తీశారు. ఏమీ అనుకోవద్దు, తెలియక చేసిందే. అప్‌డేట్లు ఆపి ఉండటం వల్ల జరిగిన నష్టం వేరు, అసలు బాక్స్ ఎలా ఉంటుందో మర్చిపోయి నకిలీని నమ్మారు.

డీటీపీ షాపు, పల్నాడు జిల్లా:
అనుకోవడానికేముంది సార్, చేసింది నేనే. ఇప్పుడు సిస్టమ్ మళ్లీ కట్టుకోవాలి. ఆ 11బి గోల మళ్లీ వస్తుందేమోనని భయం. పైగా విండోస్ 10కి కాలం చెల్లిందంటున్నారు. నాది నాలుగో తరం ఐ3 ప్రాసెసర్.

హార్డ్‌వేర్ సర్వీసు, వరంగల్:
11బి సంగతి నేను చెప్తా, ఆ నెల రోజుకు పది ఫోన్లు వచ్చేవి. 2021లో విండోస్‌లో ప్రింట్లు నడిపించే ప్రింట్ స్పూలర్‌లో పెద్ద కంతలు బయటపడ్డాయి. సెప్టెంబరు అప్‌డేట్‌తో, ప్రింటర్ ఉన్న సిస్టమ్ 'నాతో భద్రంగా మాట్లాడితేనే ప్రింట్ ఇస్తా' అనడం మొదలుపెట్టింది. ఆ భాష నేర్పే అప్‌డేట్ అవతలి సిస్టమ్‌లోనూ ఉండాలి. మీ విండోస్ 7కి మామూలు సపోర్ట్ 2020 జనవరి 14తోనే ఆగిపోయింది, దానికి ఆ భాష రాలేదు. పేచీ అక్కడ. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఒక అంకె మారిస్తే పని జరుగుతుందని వీడియోలున్నాయి. జరుగుతుంది, కానీ కంత మళ్లీ తెరిచినట్టే.

మీకు షేరింగే వద్దు. యూఎస్‌బీ ప్రింటర్ స్విచ్ అని దొరుకుతుంది, కొన్ని వందల రూపాయలు. రెండు సిస్టమ్స్ నుంచి రెండు కేబుళ్లు, మీట నొక్కితే ప్రింటర్ అటో ఇటో మారుతుంది. అప్పుడు విండోస్ 7కి నెట్‌వర్క్ కేబులే అక్కర్లేదు. దాన్ని నెట్‌కి శాశ్వతంగా దూరం చేసి కార్డులకే ఉంచండి. కస్టమర్ పెన్‌డ్రైవ్ దానికి తగిలించవద్దు. ముందు విండోస్ 10లో పెట్టి స్కాన్ చేసి, కావలసిన ఫైలొక్కటే మీ సొంత పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి.

సిస్టమ్ అడ్మిన్, డల్లాస్:
ఐ3 నాలుగో తరం విండోస్ 11కి పనికిరాదు, ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14న ముగిసింది, కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు పొడిగించుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగినై సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం. 22హెచ్2 వెర్షన్ ఉండాలి. మీరు ఎలాగూ డిస్క్ మొత్తం తుడిచి కొత్తగా వేస్తారు కాబట్టి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దింపుకోండి, 22హెచ్2యే వస్తుంది. లైసెన్సు లేకుండా నడిపించే యాక్టివేటర్‌తో మాత్రం వేయించకండి. కథ మళ్లీ మొదటికొస్తుంది.

కంప్యూటర్ టీచరు, కడప:
అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే చేసేది కూడా చెప్తాను, మా ల్యాబ్‌లో తరచూ చూసేదే. ముందు సీ డ్రైవ్‌లో ఖాళీ చూడండి. 120 జీబీ డిస్కుల్లో సగం కేసులు అక్కడే తేలతాయి. ఖాళీ ఉన్నా కదలకపోతే సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్‌ని ఆపి, విండోస్ ఫోల్డర్ లోపల సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్‌లో ఉన్నదంతా డిలీట్ చేసి, సర్వీసు మళ్లీ ఆన్ చేయండి. సగం దిగిన ఫైళ్లు పోయి మొదటి నుంచి దిగుతుంది. కరెంటు పోయే టైములో మాత్రం పెట్టకండి, యూపీఎస్ లేకపోతే మరీను.

డీటీపీ షాపు, పల్నాడు జిల్లా:
వారం తర్వాత రాస్తున్నాను. ఆరు పెళ్లి వీడియోల్లో నాలుగు ఆడుతున్నాయి. కార్డుల్లో వాట్సాప్‌లో దొరికినవి మళ్లీ కొడుతున్నాను, మిగతావి పోయినట్టే. పాస్‌వర్డ్‌లు మార్చాను, పదకొండు మంది కస్టమర్లకు ఫోన్ చేశాను, ఇద్దరు తిట్టారు. విండోస్ 10 లైసెన్సు కొని కొత్తగా వేశాను, స్విచ్ పెట్టాను, ప్రింట్లు వస్తున్నాయి. ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొన్నాను, రాత్రి షాపు కట్టేముందు కాపీ చేస్తాను. అది ఎప్పుడూ తగిలించే ఉంచవచ్చా?

హార్డ్‌వేర్ సర్వీసు, వరంగల్:
వద్దన్నా. కాపీ అవగానే పీకి డ్రాయర్‌లో పెట్టండి. తగిలించి ఉన్నదాన్ని కూడా వైరస్ లాక్ చేస్తుంది.