పాటలన్నీ బాగున్నాయి, నాటకం మాత్రం నిలబడటం లేదు. లోపం స్క్రిప్టుదేనా?

రేవుగట్టు:
కొత్త సంగీత నాటకం ఒకటి రిహార్సల్లో ఉంది. గోదావరి మీద ఒక రేవు, పక్కనే కడుతున్న వంతెన, పడవలు నడిపే రెండు కుటుంబాలు. నిడివి 2 గంటల 25 నిమిషాలు, పాటలు 17. ట్యూన్లకు ఎవరూ వంక పెట్టడం లేదు, విన్నవాళ్ళు బయటికొచ్చాక కూడా కూనిరాగం తీస్తున్నారు. కానీ మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపున ఆడితే ఇంటర్వెల్ తర్వాత చూసేవాళ్ళ చేతుల్లోకి ఫోన్లు వచ్చేస్తున్నాయి. రెండో అంకంలో ఇంకో రెండు హుషారు పాటలు పడితే సర్దుకుంటుందని దర్శకుడు. మాటలకు ఇంకా పదును పెడతానని రచయిత. ముందు ఏది చెయ్యాలి? పాటలు ఇంత బాగున్నప్పుడు స్క్రిప్టు నిజంగా అంత దెబ్బ తీస్తుందా?

మూడోగంట:
రెండూ వద్దండి. గోడ బీటలిచ్చినప్పుడు సున్నం వేస్తే ఏం లాభం?

సంగీత నాటకంలో స్క్రిప్టు అంటే మాటలు కాదు. ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డం, ఏ క్షణంలో ఇక మాట చాలక పాట ఎత్తుకోవాల్సి వస్తుంది, ఆ వరస. న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో దాన్ని ‘బుక్’ అంటారు. దాని బలం తెలియాలంటే అక్కడి ‘కాండీడ్’ అనే సంగీత నాటకం చూడండి. లియొనార్డ్ బెర్న్‌స్టైన్ సంగీతం, లిలియన్ హెల్మన్ బుక్, 1956లో 73 ప్రదర్శనలకే మూత పడింది. సంగీతం చచ్చిపోలేదు, దాని ఓవర్చర్‌ని, అంటే తెర లేచే ముందు వాయించే సంగీతాన్ని, ఆర్కెస్ట్రాలు ఇవాళ్టికీ వాయిస్తున్నాయి. హ్యూ వీలర్ రాసిన కొత్త బుక్‌తో, ఒకే అంకంగా, హెరాల్డ్ ప్రిన్స్ దర్శకత్వంలో 1974లో మళ్ళీ బ్రాడ్‌వే ఎక్కితే 740 ప్రదర్శనలు ఆడింది. రంగస్థలం అమరికే మార్చి ప్రేక్షకుల మధ్యలో ఆడించారు కాబట్టి మొత్తం పుణ్యం బుక్‌దే అనను. కానీ అవే ట్యూన్లు రెండుసార్లు రెండు రకాలుగా బతికాయి.

మీరు ముందు లెక్క చూడండి. పాటకు 4 నిమిషాలు వేసుకుంటే 17 పాటలు 68 నిమిషాలు. మొత్తం 145లో మాటలకు మిగిలేది 77. నాలుగు నిమిషాల పాటలో పల్లవి తిరిగి తిరిగి వస్తుంది కనక కొత్తగా చెప్పగలిగేది ఎనిమిది పది లైన్లే. అదే సమయంలో మాటలైతే మూడు నాలుగు పేజీలు సాగుతాయి. పాట కథను మొయ్యకపోతే ఆ బరువంతా 77 నిమిషాల మీద పడి, పాత్రలు సమాచారం అప్పజెప్పడం మొదలుపెడతాయి.

కాగితం మీద మూడు గళ్ళు గీయండి. పాటకు ముందు పాత్ర పరిస్థితి, పాట అయ్యాక పరిస్థితి, తేడా. తేడా గడి ఖాళీగా ఉన్న పాటలు నాలుగైదు ఉంటే ఫర్వాలేదు. ఊరి వాతావరణానికో నవ్వుకో అవి కావాలి. ఎనిమిది ఉంటే మాత్రం 32 నిమిషాలు కథ ఆగి నిలబడిందని అర్థం.

ఇంకో తప్పు తరచుగా కనిపిస్తుంది, పాట చెప్పబోయేది ముందే మాటల్లో చెప్పేయడం. ఇలా అన్నమాట:

మల్లి: నాన్నా, వంతెన వస్తే మన పడవ ఎవరెక్కుతారు? నాకు భయంగా ఉంది.

దీని వెంటనే వంతెన భయం మీద పాట వస్తే వినేవాడికి కొత్తగా ఏమీ దొరకదు. అదే ఇలా ఉంటే?

మల్లి: కొత్త తెడ్డు ఎందుకు నాన్నా?
తండ్రి: పాతది విరిగింది.
మల్లి: సంక్రాంతికల్లా వంతెన అయిపోతుందంట.
(తండ్రి గాజుపెంకుతో తెడ్డు గీకుతూనే ఉంటాడు.)

ఇక్కడ ఎవరు పాట ఎత్తుకున్నా చెల్లుతుంది. భయం గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు కదా.

హార్మోనియం_పెట్టె:
మనకెందుకండీ ఈ బ్రాడ్‌వే గళ్ళ లెక్కలు? తిరుపతి వెంకట కవుల భారత నాటకంలో పడక సీనులో కృష్ణుడు ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అని ఎత్తుకుని రాగం తీస్తున్నంతసేపు కథ అంగుళం కదులుతుందా? పైగా వన్స్ మోర్ అంటే మళ్ళీ మొదటి నుంచి. జనం తెల్లవార్లూ కూర్చోలేదా? గాత్రం ఉంటే స్క్రిప్టు దానంతటదే నడుస్తుంది.

నన్నడిగితే ముందు సాహిత్యం వినపడుతోందో లేదో చూడండి. ట్యూన్ ముందు కట్టి మాటలు తర్వాత కూర్చినప్పుడు హ్రస్వం మీద స్వరం సాగుతుంది. ‘వల’ లాగితే ‘వాల’, ‘కల’ లాగితే ‘కాల’. పడవ వాళ్ళ నాటకంలో వలే అర్థం కాకపోతే ఇంకేం మిగిలింది? సాగే స్వరం దగ్గర దీర్ఘం ఉన్న మాట వేయించండి. కీబోర్డు పాడేవాళ్ళ శ్రుతిలోనే మోగుతూ గొంతును మింగేస్తుంటే చరణాల్లో దాన్ని తగ్గించి తబలా ఒక్కటే ఉంచండి.

ప్రాంప్టర్:
వినపడటం గురించి పెట్టె గారితో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తాను. పడక సీను మాత్రం ఆయన వాదనకే ఎదురు తిరుగుతుంది. తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ళ దగ్గర అర్జునుడు, ఇద్దరికీ కావలసింది ఒక్కడే, వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. లేచి ముందు ఎవరిని చూస్తాడన్నదాని మీద యుద్ధం ఆధారపడి ఉంది. అంత బిగువు ముందే కట్టిపెట్టారు కాబట్టే నటుడు ఎంతసేపు రాగం తీసినా సీను జారదు. అది బలమైన స్క్రిప్టు కాక మరేమిటి?

రెండో సంగతి, తిరుపతి వెంకట కవులకు పరిచయాల బాధ లేదు. భారతం ప్రేక్షకుడు ఇంటి దగ్గరే చదువుకుని వస్తాడు. రేవు కథ ఎవరికీ తెలియదు. ఎవరు ఎవరికి ఏమవుతారో తేలకపోతే ఎంత మంచి పాటైనా గాల్లో పోతుంది. స్టీఫెన్ సోండ్‌హైమ్ సంగీతంతో 1981లో వచ్చిన ‘మెర్రిలీ వుయ్ రోల్ ఎలాంగ్’లో కథ వెనక్కి నడుస్తుంది. జనం తికమకపడుతున్నారని పాత్రల చొక్కాల మీద ఎవరెవరో రాయించాల్సి వచ్చింది. 16 ప్రదర్శనలకు ఆగిపోయింది.

మీ దర్శకుడూ రచయితా ఇద్దరూ చూడాల్సింది ‘చెస్’, అమెరికా, సోవియట్ చదరంగం ఆటగాళ్ళ పోటీ మీద సంగీత నాటకం. టిమ్ రైస్ సాహిత్యం, స్వీడన్ పాప్ బృందం ఆబ్బాలోని బెన్నీ ఆండర్సన్, బ్యోర్న్ ఉల్వేయస్ సంగీతం. 1984లో ముందు ఆల్బమ్‌గా వచ్చింది, కథ వేదిక మీద నిలబడేలోపే పాటలు ఊరంతా తిరిగాయి. బ్రిటన్‌లో ఒకటి నంబర్ 1, అమెరికాలో ఇంకొకటి 3వ స్థానం. 1986లో లండన్‌లో మొదలై దాదాపు మూడేళ్ళు ఆడింది. 1988లో బ్రాడ్‌వేకి వెళ్ళేటప్పుడు రిచర్డ్ నెల్సన్ చేత కొత్త బుక్ రాయించి మాటలు బాగా పెంచారు. నిడివి మూడు గంటలు దాటింది, 68 ప్రదర్శనలకు అయిపోయింది. మాటలు పెంచడం మందు కాదనడానికి ఇదొక్కటి చాలు.

దగ్గరగా చూస్తే జబ్బు ఇంకా లోపల ఉంది. బ్యాంకాక్ ఊరి మీద ఉన్న ఆ పేరుమోసిన పాట లండన్‌లో రెండో అంకం మొదట్లో వచ్చేది, బ్రాడ్‌వేలో మొదటి అంకానికి మారింది. ఎక్కడ పెట్టినా ఒకటే, తీసేసినా కథలో ముడి ఊడదు. బ్రాడ్‌వే కోసం రాసిన ‘సమ్‌వన్ ఎల్సెస్ స్టోరీ’ని సోవియట్ ఆటగాడి ప్రియురాలు ఫ్లారెన్స్ పాడింది. 2008 రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీలో అదే పాట అతని భార్య స్వెత్లానా పాడింది. భార్య పాట ప్రియురాలికి, ప్రియురాలి పాట భార్యకు సరిపోతే ఆ పాట ఎవరిదీ కాదు. (పాట పేరే ‘ఇంకెవరి కథో’. అంత నిజాయితీ!) 2025లో డానీ స్ట్రాంగ్ మరో బుక్ రాస్తే మళ్ళీ బ్రాడ్‌వే ఎక్కింది. నలభై ఏళ్ళుగా పాటల కింద బుక్‌లు మారుతూనే ఉన్నాయి.

మీ గళ్ళ పట్టికకు నాలుగో గడి కలపండి: ఈ పాట ఇంకో పాత్ర నోట పెడితే అతుకుతుందా? అతికితే సాహిత్యం మళ్ళీ రాయాలి.

రేవుగట్టు:
పట్టిక వేశాం. 17లో 9 ఖాళీ. అందులో 6 రెండో అంకంలోనే. రెండు కుటుంబాల పోటీ మొదటి అంకం మధ్యలో రేవు వేలంతో తేలిపోతోంది. వేలం వేదిక మీద జరగదు, ఒకతను వచ్చి అయిపోయిందని చెబుతాడు. ఆ తర్వాత అందరూ వంతెన గురించి బాధపడటమే. ఇక మల్లి పెళ్ళి పాట తీద్దామంటే మంచి ట్యూన్ పోతుందని సంగీత దర్శకుడు ఒప్పుకోవడం లేదు.

మూడోగంట:
ఇక్కడుందండి చిక్కు. ఫలానా ఆయన రేవు పాడుకున్నాడు అంటాం మనం. వేలాన్ని పాట అని పిలిచే భాషలో సంగీత నాటకం రాస్తూ, ఆ ఒక్క పాటనీ తెర వెనక జరిపించి మాటల్లో చెప్పించారా?

వేలాన్ని మొదటి అంకం చివరికి జరపండి. పల్లవి పంచాయతీ కార్యదర్శిది, ‘ఒకటోసారి, రెండోసారి’. చరణాలు పోటీదారులవి, ఒక్కొక్కరికి రెండేసి లైన్లు చాలు. అంకె పెరిగిన ప్రతిసారీ శ్రుతి అర మెట్టు పెంచండి. మూడుసార్లకు మించొద్దు, నాలుగోసారికి గొంతులు చీలుతాయి. మల్లి తండ్రి తన తాహతు దాటి ఒక అంకె అంటాడు, అవతలివాడు ఆగిపోతాడు, ‘మూడోసారి’, ఇంటర్వెల్.

దీంతో రెండో అంకానికి గడువు దొరుకుతుంది. పాట సొమ్ము వాయిదాల్లో కట్టాలి, వంతెన తెరిస్తే పడవ ఎక్కేవాళ్ళుండరు. ఏది ముందొస్తుంది, ఆఖరి వాయిదానా, వంతెన ప్రారంభమా? అప్పుడు బాధ పాటలు ఆరు అక్కర్లేదు, రెండు చాలు. అవతలి కుటుంబం ఎందుకు ఆగిపోయిందో కూడా అక్కడ బయటపెట్టొచ్చు. వంతెన తేదీ వాళ్ళకు ముందే తెలుసేమో.

పెళ్ళి పాట ట్యూన్ పోదు, సాహిత్యమే మారుతుంది. మొదటి అంకంలో మల్లికి నగలు చేయించినప్పుడు ఒక్క పల్లవి పాడించండి, నిమిషంన్నర మించకుండా. రెండో అంకంలో వాయిదా కోసం అవే నగలు తాకట్టుకు వెళ్ళేటప్పుడు అదే ట్యూన్, కొత్త మాటలు, సగం వేగం. మొదటిసారి గుర్తుండేలా వింటేనే రెండోసారి తగులుతుంది కాబట్టి మధ్యలో ఆ ట్యూన్‌ని నేపథ్యంలో వాడి అరగదీయకండి.

ప్రాంప్టర్:
కొత్త వరస రాశాక వెంటనే లేచి ఆడకండి. కుర్చీల్లో కూర్చుని, ట్యూన్ లేకుండా, పాటల సాహిత్యం కూడా మాటల్లాగే చదవండి. స్క్రిప్టు ఎప్పుడూ చూడనివాళ్ళు ఇద్దరిని కూర్చోబెట్టి ఇంటర్వెల్ దగ్గర ఒక్కటే అడగండి: తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారు? ఇద్దరూ ఏదో ఒకటి ఊహిస్తే ముందుకు వెళ్ళండి, తప్పు ఊహించినా సరే. ‘బాగుంది’ అని ఊరుకుంటే మాత్రం మొదటి అంకం ఇంకా కుదరలేదు. మార్చిన పేజీలు రంగు కాగితం మీద తేదీ వేసి ఇవ్వండి, లేకపోతే సగం మంది పాత పాటే ప్రాక్టీసు చేసి వస్తారు.

హార్మోనియం_పెట్టె:
వేలం పాటకు హార్మోనియం వద్దు, నేనే చెబుతున్నాను. శ్రుతికి తంబురా పెట్టె చాలు, తాళం కార్యదర్శి బల్ల మీద కొట్టే దెబ్బ. ‘మూడోసారి’కి ముందు ఆ దెబ్బ కూడా ఆపేసి, నాలుగు అక్షరాల కాలం ఖాళీగా వదలండి.