కుల సంఘం కాలేజీ పెడితే సీట్లన్నీ మనవాళ్లకే ఇచ్చుకోవచ్చా?

సిద్దిపేట చిన్నోడు:
హైదరాబాద్‌లో మా కుల సంఘానికి ఒక హాస్టల్ ఉంది, మొదట్నుంచీ మా పిల్లలకే గదులిస్తున్నారు, ఎవరూ కాదనలేదు. ఇప్పుడు పక్క స్థలంలో డిగ్రీ కాలేజీ పెడతారట. మొన్న మీటింగ్‌లో ఒక పెద్దాయన లేచి "డబ్బు మనది, స్థలం మనది, సీట్లూ లెక్చరర్ పోస్టులూ మనవాళ్లకే, సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది" అంటే ఒకటే చప్పట్లు. నాకైతే డౌటే. చట్టం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

నల్లకోటు:
హాస్టల్ వేరు, కాలేజీ వేరు తమ్ముడూ. రాజ్యాంగంలో 19(1)(సి) అధికరణం కింద సంఘం పెట్టుకోవచ్చు, సభ్యులుగా ఎవర్ని చేర్చుకోవాలో కూడా చాలావరకు సంఘం ఇష్టమే. అహ్మదాబాద్‌లో పార్సీల హౌసింగ్ సొసైటీ బయటివాళ్లకి సభ్యత్వం లేదని బైలా పెట్టుకుంటే చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టే చెప్పింది (నాకు నచ్చని తీర్పు, ఊళ్లో వాడలు విడదీసినట్టే ఉంటుంది, అయినా తీర్పు తీర్పే). మీ పెద్దాయన అక్కడే ఆగిపోయాడు. 2011 తీర్పు కూడా చూడమను. ఢిల్లీలో ఆర్మీ మెడికల్ కాలేజీ సీట్లన్నీ సైనికుల పిల్లలకే అంది, ఢిల్లీ ప్రభుత్వమూ సరేనంది, సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ బెంచిలో మన జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారున్నారు. మైనారిటీది కాని ప్రైవేటు కాలేజీ సీట్లన్నీ ఒక వర్గానికే అని గిరి గీసుకోకూడదన్నారు. సైనికుల పిల్లలకే కుదరనిది మీ సంఘానికి ఎలా కుదురుతుంది? పైగా డిగ్రీ కాలేజీ అంటే యూనివర్సిటీ అఫిలియేషన్, దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) సీట్లు, ఇంటర్ మార్కులూ రిజర్వేషనూ చూసి వచ్చే పిల్లలు.

గుంటూరు కారం:
మరి మైనారిటీ కాలేజీలు సొంతవాళ్లకి సీట్లు ఇచ్చుకుంటున్నాయిగా, వాళ్లకో రూలు మనకో రూలా?

నల్లకోటు:
అవును, వేరే రూలే, మైనారిటీలు సొంత విద్యాసంస్థలు పెట్టి నడుపుకునే హక్కిచ్చే 30వ అధికరణం అందుకే ఉంది. 15(5) కింద ప్రైవేటు కాలేజీల్లో పెట్టే రిజర్వేషన్ల నుంచి కూడా వాళ్లని మినహాయించారు, 2014లో కోర్టు దాన్ని నిలబెట్టింది. కానీ అక్కడ మైనారిటీ అంటే మతమో భాషో, కులం కాదు. అదీ రాష్ట్రాన్ని బట్టి. చెన్నైలో తెలుగువాళ్లు భాషా మైనారిటీ కాలేజీ పెట్టుకోవచ్చు, హైదరాబాద్‌లో కుదరదు.

చాక్‌పీస్:
పోస్టుల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. ఉద్యోగంలో కులం చూడొద్దనే రాజ్యాంగం 16(2) అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే. ప్రైవేటులో కులం చూసి ఉద్యోగం ఇవ్వకపోతే అందరికీ వర్తించే చట్టం అంటూ లేదు. ఆడా మగా తేడా చూపితే ఉంది, వికలాంగులకి 2016 చట్టం, ట్రాన్స్‌జెండర్లకి 2019 చట్టం ఉన్నాయి, ఎస్సీ ఎస్టీలని కులం పేరుతో అడ్డుకుంటే అట్రాసిటీ కేసు దాకా పోవచ్చు. అది రుజువు చేయడమే కష్టం, "నీ కులం వల్ల ఇవ్వట్లేదు" అని ఎవడూ కాగితం మీద రాయడు. నేను ఇంటర్వ్యూకి వెళ్లిన ఒక కాలేజీలో సబ్జెక్టు జోలికే పోలేదు, ఇంటిపేరు, ఏ ఊరు, నాన్నగారు ఏం చేస్తారు, ఫలానా వాళ్లు మీకు ఏమవుతారు, అంతే, "కబురు చేస్తాం" అన్నారు. కాబట్టి పెద్దాయన సీట్ల మాట చెల్లదు గానీ, పోస్టుల మాట మాత్రం నోరెత్తకుండా నడిచిపోతుంది, అదే నా బాధ.

సిద్దిపేట చిన్నోడు:
థ్యాంక్స్ అన్నా. పోనీ కాలేజీ అందరికీ తెరిచి, మా పిల్లలకి సంఘమే ఫీజు కడితే?

నల్లకోటు:
భేషుగ్గా కట్టొచ్చు. ఒక్కటి చూసుకోండి, ఒక కులం కోసమే నడిచే చారిటీ ట్రస్టుకి ఆదాయపు పన్ను మినహాయింపు దగ్గర చిక్కొస్తుంది, ఎస్సీ, ఎస్టీ, బీసీల కోసమైతే వేరే సంగతి. ట్రస్టు డీడ్ పట్టుకెళ్లి ముందు సీఏని కలవండి, తర్వాతే పునాది.